జేఆర్ పాస్ కొనాల్నా వద్దా? నలుగురం, పది రోజులు, లెక్క తేలుతలేదు

ఓరుగల్లు_బాటసారి | 2025 ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మొదటిసారి జపాన్ పోతున్నం. నేను, మా ఆవిడ, మా అమ్మ (66 ఏండ్లు), పాప (10). విమానం టికెట్లు ఇంక తీయలే. పాపకు సెలవులు రాంగనే ఏప్రిల్ 28న టోక్యోల దిగుదామని అనుకుంటున్నం. అక్కడ నాలుగు రాత్రులు, క్యోటోల మూడు, ఒసాకాల రెండు, అక్కడికెల్లే వాపస్. నడుమ ఒక రోజు హిరోషిమా పోయి రావాలె. అది అమ్మ కోరిక. సోషల్ టీచర్‌గ రిటైరైంది, ముప్పై ఏండ్లు పిల్లలకు ఆ పాఠం చెప్పింది.

మా బామ్మర్ది 2019ల పోయొచ్చిండు. "బావా, జేఆర్ పాస్ లేకుంట జపాన్ల అడుగు పెట్టకు. షింకన్‌సెన్‌ను మన సిటీ బస్సు ఎక్కినట్టు ఎక్కొచ్చు" అని ఒకటే మాట. (జేఆర్ అంటే జపాన్ రైల్వేస్, ఈ పాస్ తీస్కుంటే దేశమంత ఆ రైళ్లల్ల తిరగొచ్చట. షింకన్‌సెన్ అంటే వాళ్ల బుల్లెట్ రైలు.) తీరా రేటు చూస్తే ఏడు రోజులకు మనిషికి 50,000 యెన్లు. యెన్ను 57 పైసలనుకున్నా 28,500 రూపాయలు. నలుగురికి లెక్కేస్తే గుండె ఆగినంత పనైంది. మా ట్రావెల్ ఏజెంటు కూడ "అందరు అదే కొంటరు సార్" అంటున్నడు. కొనాల్నా, వద్దా?

చాయ్_బిస్కట్ | ఫిబ్రవరి 9, రాత్రి 10:05

కొనెయ్ అన్నా. జపాన్ మాటిమాటికీ పోతామా ఏంటి.

నిషికసాయి_కోడలు | ఫిబ్రవరి 9, రాత్రి 10:52

బాటసారి గారూ, పాస్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ తేదీలు మార్చుకోండి. టికెట్లు తీయలేదన్నారు కాబట్టి చెప్తున్నా. ఏప్రిల్ 29 నుంచి మే 6 దాకా ఇక్కడ గోల్డెన్ వీక్. వరసగా పండగ సెలవులొచ్చి దేశమంతా ఒకేసారి ఊళ్లకి బయల్దేరుతుంది. మన సంక్రాంతికి సికింద్రాబాద్ స్టేషన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి, కాకపోతే ఇక్కడ అందరూ వరసలో నిలబడతారు, అంతే తేడా. ఆ రోజుల్లో నొజోమి రైళ్లలో (షింకన్‌సెన్లలో వేగంగా పోయే రకం) రిజర్వేషన్ లేని పెట్టెలే ఉండవు. హోటళ్ల రేట్లయితే చెప్పక్కర్లేదు. పైగా ఒసాకాలో ఏప్రిల్ 13 నుంచి ఎక్స్‌పో (ప్రపంచ దేశాల ప్రదర్శన) మొదలవుతోంది. మే 10 దాటాక రండి.

ఇక పాస్. మీ బామ్మర్ది గారు అబద్ధం చెప్పలేదు, ఆయన వచ్చిన రోజుల్లో అది నిజమే. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్‌ని 29,650 నుంచి 50,000కి, పద్నాలుగు రోజులది 47,250 నుంచి 80,000కి పెంచేశారు. అంటే దాదాపు డెబ్బై శాతం. ఇంటర్నెట్‌లో "తప్పక కొనండి" అనే వ్యాసాల్లో సగం అంతకు ముందు రాసినవే.

నేను ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు. ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి ఈ పాస్ అమ్మరు, ప్రధానంగా పర్యాటకులుగా వచ్చిన విదేశీయులకే. మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు వాళ్ల కోసం లెక్కలు కట్టీ కట్టీ నాకు అలవాటైపోయింది.

లెక్కల_మాస్టారు | ఫిబ్రవరి 10, ఉదయం 6:15

పొద్దున్నే కాఫీతో కూర్చుని మీ దారికి లెక్క కట్టాను.

టోక్యో నుంచి క్యోటోకి నొజోమిలో రిజర్వు సీటు 14,170 యెన్లు. క్యోటో నుంచి హిరోషిమా రానూపోనూ దగ్గర దగ్గర 22,500. నరితా విమానాశ్రయం నుంచి టోక్యోకి నరితా ఎక్స్‌ప్రెస్ 3,070. ఇక నారా, ఒసాకా, చివర్లో ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం, ఈ చిల్లరంతా కలిపి ఓ ఐదు వేలు వేసుకుందాం. మొత్తం 44,700 చిల్లర.

మీ ప్రయాణం పది రోజులు, పాస్ ఏడు రోజులు. దిగిన రోజే మొదలుపెడితే చివరి మూడు రోజులకి పనికిరాదు, హిరోషిమా కూడా చేజారవచ్చు. క్యోటో బయల్దేరే రోజు నుంచి మొదలుపెడితే నరితా రైలుకి విడిగా కట్టాలి. అప్పుడు 50,000 ప్లస్ 3,070. ఏ రకంగా చూసినా పాస్‌కి మనిషికి ఎనిమిది వేల యెన్ల నష్టం.

పాత ధరతో చూస్తే తమాషా తెలుస్తుంది. టోక్యో-క్యోటో హికారిలో (నొజోమి కన్నా కాస్త మెల్లగా పోయే షింకన్‌సెన్) రానూపోనూ 27,700, దానికి ఒక నరితా ఎక్స్‌ప్రెస్ కలిపితే 30,770. పాస్ 29,650. అంటే అప్పట్లో క్యోటో వెళ్లి టోక్యో తిరిగొచ్చినా గిట్టుబాటే. ఇప్పుడు టోక్యో, క్యోటో, హిరోషిమా తిరిగి మళ్లీ నేరుగా టోక్యో వచ్చినా 45 వేల దగ్గరే ఆగుతుంది.

చాయ్_బిస్కట్ | ఫిబ్రవరి 10, ఉదయం 9:30

మాస్టారూ, లెక్క కరెక్టే కానీ అందరికీ అదే లెక్క కాదు. నేను పోయిన అక్టోబరులో ఏడు రోజుల పాస్ కొన్నా, డబ్బులు తిరిగొచ్చాయి. టోక్యో నుంచి షిన్ హకొదాతె హొకుతో అంటే హొక్కైడో దాకా, మళ్లీ టోక్యో. అదే ఒకవైపు 23 వేల పైన. తర్వాత క్యోటో. అరవై వేలు దాటించా. ఒంటరిగాణ్ని, వీపుకో బ్యాగు, అంతే. ఎక్కిన రైలు దిగకుండా తిరిగా.

నిషికసాయి_కోడలు | ఫిబ్రవరి 10, ఉదయం 11:10

మీకు గిట్టుబాటైంది తమ్ముడూ, కాదన్లేదు. కానీ ఏడు రోజుల్లో ఎన్ని గంటలు రైల్లో కూర్చున్నావో కూడా చెప్పు.

చాయ్_బిస్కట్ | ఫిబ్రవరి 10, ఉదయం 11:14

...ముప్పై దాకా ఉంటాయి. హకొదాతెలో ఒక పూట ఉన్నా. సూప్ కర్రీ బాగుంది.

గార్డు_పెట్టె | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 3:20

నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. విజయవాడ డివిజన్. జీవితమంతా పాస్ మీద తిరిగినవాణ్ణి కనుక ఒక ముక్క చెప్పొచ్చనుకుంటాను.

1994లో పిల్లలకు దసరా సెలవులిస్తే ప్రివిలేజ్ పాస్ తీసుకుని ఉత్తరాదికి బయల్దేరాం. ఊరికే వచ్చిన పాస్ కదా అని ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, హరిద్వార్ అన్నీ ఒకే పాస్‌లో రాయించాను. తాజ్‌మహల్ దగ్గర మా ఆవిడ మెట్ల మీద కూర్చుని "ఇక్కడ ఇంకో గంట ఉందామండీ" అంటే "సాయంత్రం బండి ఉందే" అని లేవదీశాను. ముప్పై ఏళ్లయినా ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. ఊరికే వచ్చిన పాస్‌కే అంత ఆత్రం. అరవై ఆరేళ్ల తల్లిని వెంటబెట్టుకుని, డబ్బు పోసి కొన్న పాస్ చేతిలో ఉంటే ఎంత పరిగెత్తిస్తారో ఆలోచించుకోండి బాబూ.

మన దగ్గరా విదేశీయుల కోసం ఇండ్‌రైల్ పాస్ అని ఉండేది, తీసేశారు. సర్క్యులర్ జర్నీ టికెట్ మాత్రం ఉంది. బయల్దేరిన స్టేషన్‌కే చుట్టి వచ్చేలా దారి రాసిస్తే, దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి చార్జీ తగ్గుతుంది. మా వదినగారికి దక్షిణాది యాత్రకి రాయించి పెట్టాను. అందులో ముందు దారి, ఆ తర్వాతే టికెట్. పాస్‌తో వచ్చే చిక్కల్లా అది తిరగబడటమే.

ఒక సందేహం. అక్కడ సూపర్‌ఫాస్ట్ చార్జీ విడిగా ఉంటుందా?

నిషికసాయి_కోడలు | ఫిబ్రవరి 10, సాయంత్రం 5:45

ఉంటుంది అంకుల్. దూరానికో మూల చార్జీ, వేగం రైలుకీ సీటుకీ కలిపి ఇంకో చార్జీ. టోక్యో-క్యోటోకి మూల చార్జీ 8,360, నొజోమి రిజర్వు సీటుకి 5,810. చాలాసార్లు టికెట్ కూడా రెండు ముక్కలుగా ఇస్తారు, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి గేటులోకి తోస్తే అవతల కలిసి బయటికొస్తాయి.

ఆ అవతల వచ్చినదాన్ని తీసుకోవడం మర్చిపోకండి! మా అత్తగారు సంచీ సర్దుకుంటూ పాస్‌ని గేటు మీదే వదిలేసి వచ్చేశారు. ఇప్పటి పాస్ పెద్ద అట్టముక్క కాదు, మామూలు టికెట్ సైజే. పోతే మళ్లీ ఇవ్వరు. మామగారు వెనక్కి పరిగెత్తేసరికి మా అదృష్టం బాగుండి, స్కూలు యూనిఫాంలో ఉన్న ఒక అబ్బాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

బాటసారి గారూ, మీకు అసలు పనికొచ్చేది వేరే పాస్. దేశమంతా తిరిగే పాస్‌కే అందరూ అతుక్కుపోతారు గానీ ప్రాంతీయ పాస్‌లు ఉన్నాయి. జేఆర్ వెస్ట్ (పడమటి ప్రాంతపు జేఆర్ కంపెనీ) వాళ్లది కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్, ఐదు రోజులు, 17,000 యెన్లు. ఒసాకా నుంచి హిరోషిమా షింకన్‌సెన్ అందులో వస్తుంది, నొజోమి కూడా, అదనంగా ఏం కట్టక్కర్లేదు. నారా, హిమెజి కోట, మియాజిమా దీవికి జేఆర్ పడవ, విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలు అన్నీ అందులోనే.

ఒక మెలిక ఉంది. క్యోటోకీ షిన్ ఒసాకాకీ మధ్య షింకన్‌సెన్ పట్టాలు వేరే కంపెనీవి, జేఆర్ సెంట్రల్. అక్కడ ఈ పాస్ చెల్లదు. క్యోటో నుంచి మామూలు రైల్లో అరగంటలోపు షిన్ ఒసాకా వచ్చి అక్కడ ఎక్కాలి. అమ్మగారితో ఆ మార్పు ఎందుకనుకుంటే హిరోషిమాని క్యోటో నుంచి కాకుండా ఒసాకాలో ఉన్న రోజు పెట్టుకోండి. షిన్ ఒసాకా నుంచి గంటన్నరలోపే.

లెక్కల_మాస్టారు | ఫిబ్రవరి 10, రాత్రి 8:30

అమ్మా, ఇది నాకు తెలీదు. మళ్లీ కట్టాను.

నరితా ఎక్స్‌ప్రెస్ 3,070, క్యోటోకి 14,170, ఈ ఐదు రోజుల పాస్ 17,000. మొత్తం 34,240. ముగ్గురు పెద్దలు, పాపకి సగం (ఆరు నుంచి పదకొండేళ్ల దాకా సగమే), అంటే మూడున్నర మంది. సుమారు 1,20,000 యెన్లు. పెద్ద పాస్‌కైతే 1,75,000. తేడా 55,000.

వైజాగ్_బీచ్‌రోడ్ | ఫిబ్రవరి 10, రాత్రి 8:47

మాస్టారూ, పెద్ద పాస్ వైపు నరితా ఎక్స్‌ప్రెస్ కలపడం మర్చిపోయారు.

లెక్కల_మాస్టారు | ఫిబ్రవరి 10, రాత్రి 8:52

అవును సుమా. పొద్దున నేనే చెప్పి సాయంత్రానికి నేనే మర్చిపోయాను. అయితే 1,85,700. తేడా దాదాపు 66,000 యెన్లు, మన డబ్బుల్లో 37,500 పైన.

ఓరుగల్లు_బాటసారి | ఫిబ్రవరి 10, రాత్రి 10:20

నోరెల్లబెట్టిన. 37 వేలంటే మా పాప బడి ఫీజుల ఒక కిస్తు!

తేదీలు మార్చినం. మే 12న దిగుడు, 16న క్యోటో, 19న ఒసాకా, 21న వాపస్. రెండు డౌట్లు. ఐదు రోజులంటే గంటల లెక్కనా, తేదీల లెక్కనా? పెద్ద పాస్ ఉంటే టోక్యోల మెట్రో ఫ్రీ అంటరు కద, అది పోతది కద?

నిషికసాయి_కోడలు | ఫిబ్రవరి 10, రాత్రి 11:05

తేదీల లెక్క. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టినా ఆ రోజు ఒక రోజే. కాబట్టి క్యోటోకి చేరిన మర్నాడు, 17న మొదలుపెట్టండి. 17న నారా, 18న ఇనారి గుడి, అరషియామా (రెండూ జేఆర్ స్టేషన్లే), 19న ఒసాకా, 20న హిరోషిమా, 21న హరుకాలో విమానాశ్రయం. కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.

మెట్రో మాట పెద్ద అపోహ. జేఆర్ పాస్ జేఆర్ రైళ్లకే. టోక్యో మెట్రోకి చెల్లదు. మా ఇల్లు తోజాయ్ అనే మెట్రో లైను మీద ఉంది, మా అత్తగారు పాస్ మెడలో వేసుకుని కూడా మా ఇంటికి రావడానికి టికెట్ కొన్నారు. ఒసాకాలో ఎక్స్‌పోకి వెళ్లే యుమెషిమా స్టేషన్ కూడా మెట్రోదే. ఊళ్లో తిరగడానికి తలా ఒక సుయికా కార్డు (డబ్బులు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) తీసుకోండి, పాపకి పాస్‌పోర్టు చూపించి పిల్లల కార్డు అడగండి.

వైజాగ్_బీచ్‌రోడ్ | ఫిబ్రవరి 11, ఉదయం 7:40

మీరంతా ఇన్ని లెక్కలు కట్టాక నేనొక్కణ్ణే పెద్ద పాస్ తరఫున మాట్లాడతా. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఏ పూట ఎలా ఉంటారో తెలీదు. పాస్ ఉండబట్టి పొద్దున బుక్ చేసిన రైలు వదిలేసి సాయంత్రం రైలుకి సీటు మార్చుకున్నాం, పైసా కట్టకుండా. నాలుగు వేలు నష్టపోయుంటా. ఆ నిశ్చింతకి అది చవకే.

లెక్కల_మాస్టారు | ఫిబ్రవరి 11, ఉదయం 8:02

నాలుగు వేలకి నిశ్చింత చవకే. అరవై ఆరు వేలకి కాదు. మామూలు టికెట్‌ని కూడా రైలు బయల్దేరకముందు ఒకసారి ఊరికే మార్చుకోనిస్తారు.

చాయ్_బిస్కట్ | ఫిబ్రవరి 11, ఉదయం 9:15

అన్నా, సామాను సంగతి చూసుకో. సూట్‌కేసు పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే చివరి వరస సీట్లు బుక్ చేసుకోవాలి. విడిగా డబ్బులేం లేవు, బుక్ చేయకుండా ఎక్కితే మాత్రం 1,000 యెన్లు. లేదంటే టోక్యో హోటల్ నుంచి క్యోటో హోటల్‌కి తక్యుబిన్‌లో (అక్కడి సామాను పార్సిల్ సర్వీసు) పంపెయ్. మర్నాటికి అక్కడుంటుంది. చేతులూపుకుంటూ రైలెక్కొచ్చు.

ఇంకోటి, క్యోటో వెళ్లేటప్పుడు కుడివైపు 'E' సీటు. ఫుజి కొండ అటే.

గార్డు_పెట్టె | ఫిబ్రవరి 11, సాయంత్రం 4:00

బాటసారి బాబూ, చాదస్తం అనుకోకపోతే ఒక కోరిక. ఆ రెండు ముక్కల టికెట్ ఒకటి నాకు ఫొటో తీసి పెట్టండి. మన అట్ట టికెట్లు ఇంకా దాచుకున్నవాణ్ణి.

నిషికసాయి_కోడలు | ఫిబ్రవరి 11, సాయంత్రం 4:30

దిగేచోట గేటు టికెట్‌ని మింగేస్తుంది అంకుల్. దాచుకోవాలంటే పక్కన మనిషి ఉండే గేటు దగ్గరికెళ్లి అడగాలి. ముద్ర కొట్టి ఇచ్చేస్తారు.

ఓరుగల్లు_బాటసారి | 2025 మే 27, రాత్రి 9:10

వచ్చినం. అందరు మంచిగున్నం. నిషికసాయి అక్కకు, మాస్టారుకు ముందుగాల దండం.

పెద్ద పాస్ కొనలే. ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేసిండు, "రిస్క్ సార్" అన్నడు. ఏం రిస్కో చెప్పలే. క్యోటో టికెట్లు టోక్యో స్టేషన్ల కౌంటర్ల తీసుకున్నం. మనిషికి రెండు ముక్కలు, నలుగురికి ఎనిమిది. పేకలు పంచినట్టు పంచిన. 'E' సీటుల అమ్మను కూసోబెట్టినం. ఫుజి మొత్తం మబ్బుల ఉండె, అమ్మ పండుకున్నది. పాప మాత్రం పులిహోర డబ్బా ఒళ్లె పెట్టుకొని నలభై నిమిషాలు కిటికీకి ముక్కు ఆనిచ్చి చూసింది. (అవును, ఇంటికెల్లి పొడి తీస్కపోయి హోటల్ల కుక్కర్ల అన్నం పెట్టుకున్నం. అక్కడ కూరగాయల సూపుల కూడ చేపల రసం ఉంటది, అమ్మకు నడవదు.)

తప్పు ఒకటి చేసిన. 19న ఒసాకా పోయేటప్పుడు తొందరల జేఆర్ కాకుంట పక్కన ప్రైవేటు లైను స్టేషన్ల జొరబడ్డం. పాస్ చూపిస్తే ఆ పిల్లగాడు నవ్వి తల అడ్డంగ ఊపిండు. నలుగురికి కట్టి ఎక్కినం. మాస్టారూ, మీ లెక్కల అది కలుపుకోండ్రి.

20న హిరోషిమా. ఒసాకా నుంచి పోవుడు మంచి సలహా అక్కా, అమ్మకు ఒక్క మెట్టు కూడ ఎక్కే పని పడలే, అంత లిఫ్టులే. మ్యూజియంల కాలిపోయిన మూడు చక్రాల సైకిల్ ఒకటుంది. అమ్మ దాని ముంగట నిలబడి, పాపకు క్లాసుల చెప్పినట్టు మెల్లగ చెప్పవట్టింది. నడుమల ఆగింది. మిగిలింది మా ఆవిడ చెప్పింది. ఆ రోజు మియాజిమా పోవాలని ప్లానుండె. పోలే. నది ఒడ్డుకు బెంచి మీద చీకటి పడేదాక కూసున్నం. పడవ పాస్‌ల ఉండె, వాడుకోలే. గార్డు సార్ మాట యాదికొచ్చింది, లేపలే.

లెక్కల_మాస్టారు | మే 27, రాత్రి 9:48

కలిపాను. అయినా ముప్పై అయిదు వేల రూపాయల పైనే మిగిలినట్టు.

చాయ్_బిస్కట్ | మే 27, రాత్రి 9:55

పులిహోర పొడి ఏ కంపెనీది అన్నా?

ఓరుగల్లు_బాటసారి | మే 27, రాత్రి 10:02

కంపెనీ ఏందే, అమ్మ చేసింది.

గార్డు సార్, క్యోటోల మనిషి ఉన్న గేటుకాడ అడిగితే నాలుగు జతలకు నాలుగుసార్లు ముద్ర కొట్టి రెండు చేతులతోటి ఇచ్చిండు. ఫొటో కింద పెడుతున్న.

గార్డు_పెట్టె | మే 28, ఉదయం 5:30

చూశాను బాబూ, భూతద్దం పెట్టి మరీ. అంచున చిన్న రంధ్రం కనిపిస్తోంది. గేటులో పెట్టినప్పుడు పడిందా, లేక లోపల ఎవరైనా వచ్చి చెక్ చేసి కొట్టారా?

నిషికసాయి_కోడలు | మే 28, ఉదయం 7:15

గేటే కొడుతుంది అంకుల్, లోపలికి వెళ్లేటప్పుడు.

గార్డు_పెట్టె | మే 28, ఉదయం 7:20

అలాగా. మా టీసీలు చేత్తో కొట్టేవాళ్లు, ఒక్కో స్టేషన్‌ది ఒక్కో ఆకారం.